అమెరికా నుంచి బ్రిటన్‌కు మారాలనుకునే బరంపురం వైపు వాళ్లకు: ఏం తీసుకెళ్లాలి, ఏం వదిలేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి అమెరికా వెళ్లి, వీసా చిక్కుల వల్లో ఉద్యోగం బదిలీ వల్లో ఇప్పుడు బ్రిటన్ వైపు చూస్తున్న తెలుగువాళ్ల కోసం ఈ వివరాలు. రెండూ ఇంగ్లీషు దేశాలే కదా అని అమెరికా అలవాట్లతోనే దిగితే మొదటి నెలల్లో డబ్బు అనవసరంగా ఖర్చవుతుంది. ఇంట్లో వాడే వస్తువుల వరకు చూస్తే బ్రిటన్ అమెరికా కంటే మన ఊరికే దగ్గర. సామాను సర్దేటప్పుడు ఇదే లెక్కలోకి తీసుకోండి.

కాగితాలు

గత ఆరు నెలలుగా అమెరికాలోనే ఉంటూ అక్కడి నుంచే దరఖాస్తు చేసేవాళ్లకు క్షయ పరీక్ష అక్కర్లేదు. భార్యో భర్తో బరంపురంలో ఉండి ఇక్కడి నుంచి దరఖాస్తు చేస్తే మాత్రం తప్పదు. ఆ పరీక్ష బ్రిటన్ ప్రభుత్వం జాబితాలో ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, ఊళ్లో తీయించిన ఎక్స్‌రే చెల్లదు. సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా చేయించినా దండగే.

పెళ్లి రిజిస్ట్రేషన్, పుట్టిన తేదీ కాగితాలు ఒడియాలో మాత్రమే ఉంటే ఇంగ్లీషు అనువాదం జతపెట్టాలి. అనువాదం సరైనదేనన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, చిరునామా అందులో ఉండాలి. మన వాళ్లకు చిక్కు వచ్చేది పేర్ల దగ్గరే: పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా కాగితంలో చివర ఉంటుంది, ఒక్కోసారి పొడి అక్షరమే ఉంటుంది. అనువాదకుణ్ణి దాన్ని సరిదిద్దనివ్వకండి. ఉన్నది ఉన్నట్టే రాయించి, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ విడిగా పెట్టండి.

వీసా రుసుము కాక ఆరోగ్య సర్‌చార్జి అని ఒకటుంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్లలోపు పిల్లలకు 776. వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి ముందే కట్టాలి. దంపతులు, ఒక బిడ్డ, మూడేళ్ల వీసా అంటే 8,538 పౌండ్లు. కంపెనీ ఇస్తుందా లేదా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టక ముందే అడగండి. డాక్టర్లు, నర్సుల వంటి ఆరోగ్య రంగ ఉద్యోగులకు ఇచ్చే హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకు ఇది లేదు.

కరెంటు సామాను

అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. బ్రిటన్‌లో మన దగ్గరలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో కొన్న రైస్ కుక్కర్, హెయిర్ డ్రయ్యర్, మిక్సీ బ్రిటన్‌లో పనికిరావు. ప్లగ్ అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. అడాప్టర్ పెట్టి స్విచ్ వేస్తే క్షణంలో కాలిపోతుంది. వెయ్యి వాట్ల కుక్కర్‌ని మోసే ట్రాన్స్‌ఫార్మర్ కొని మోసుకెళ్లే కంటే అక్కడ కొత్త కుక్కర్ కొనుక్కోవడం మేలు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని ఉంటుంది, అవి మాత్రం ప్లగ్ మారిస్తే చాలు.

కాబట్టి మిక్సీ, చిన్న గ్రైండర్ మన ఊరి నుంచే పట్టుకెళ్లండి, హాయిగా నడుస్తాయి. మార్చాల్సింది ప్లగ్ ఒక్కటే. బ్రిటన్ ప్లగ్‌లో మూడు చదరపు పిన్నులు, లోపల ఒక ఫ్యూజు ఉంటాయి. ప్లగ్ విప్పి పెద్ద పిన్ను పైకి వచ్చేలా పట్టుకుంటే, పైది ఎర్తు, ఫ్యూజు ఉన్న కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. అక్కడి వైర్లలో ఫేజు గోధుమ రంగు, న్యూట్రల్ నీలం, ఎర్తు ఆకుపచ్చ–పసుపు చారలు. మన వైర్లలో తరచుగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉంటాయి. 700 వాట్ల లోపు సామానుకు 3 ఆంపియర్ల ఫ్యూజు, అది దాటితే 13. సుమారు 150 వాట్ల గ్రైండర్‌కి 13 ఆంపియర్ల ఫ్యూజు పెడితే పనిచేస్తుంది గానీ, వైరు పాడైనప్పుడు ఫ్యూజు వెంటనే పోదు. కాపాడాల్సిన సమయంలో కాపాడదన్నమాట. బాత్రూంలో మామూలు సాకెట్లు ఉండవు, షేవర్‌కి మాత్రమే ఒకటి ఉండొచ్చు.

ప్రెషర్ కుక్కర్ కొనేటప్పుడు ఇండక్షన్ అడుగు ఉన్నదే కొనండి. చేరే ఇంట్లో ఏ పొయ్యి ఉంటుందో ముందే తెలియదు, అది అన్నిటి మీదా పనిచేస్తుంది.

ఇల్లు

అద్దెను వారానికింత అని చెప్పే చోట్లున్నాయి. నాలుగుతో హెచ్చించకండి. వారానికి 300 పౌండ్లంటే నెలకు 1,200 కాదు, 1,300. 52తో హెచ్చించి 12తో భాగించాలి. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే అడ్వాన్సు ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో 30 రోజుల్లోగా పెట్టి, వివరాలు మీకివ్వాలి. ఆ కాగితం రాకపోతే అడిగి తీసుకోండి.

అద్దె కాక కౌన్సిల్ ట్యాక్స్ అనే పన్ను ఉంటుంది, అది కట్టేది అద్దెకున్నవాళ్లే. అమెరికాలో ఇంటి పన్ను యజమాని చూసుకుంటాడు కాబట్టి చాలామంది బడ్జెట్‌లో దీన్ని మర్చిపోతారు. ఇల్లు చూసేటప్పుడే ఏ బ్యాండో (ఇంటి విలువను బట్టి పన్ను స్థాయి) అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు, కానీ దరఖాస్తు పెట్టుకుంటేనే.

చలికాలంలో అసలు శత్రువు చెమ్మ. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ చాలా ఇళ్లలో ఉండదు, వాషింగ్ మెషీన్ వంటింట్లోనే ఉంటుంది. తడి బట్టలు గదిలో ఆరేసి, కుక్కర్ ఆవిరి వదిలి, చలికి కిటికీలన్నీ బిగిస్తే ఆ నీరంతా చల్లటి గోడ మీద చేరుతుంది. కొన్నాళ్లకి బీరువా వెనక, గది మూలల్లో నల్లటి బూజు పడుతుంది. బట్టలు బాత్రూంలో ఆరేసి తలుపు మూసి ఫ్యాను వేయండి. వండేటప్పుడు పొయ్యి మీది ఎగ్జాస్ట్ వేయండి. కిటికీ పైన సన్నటి గాలి సందు ఉంటుంది, దాన్ని టేపుతో మూయొద్దు. బీరువాకీ బయటి గోడకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. హీటింగు ఒక గంట మంట పెట్టి రోజంతా ఆపే కంటే 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచితే గోడలు అంత చల్లబడవు.

గదుల్ని వేడిచేసే రేడియేటర్లు చల్లగా ఉంటే, వాటికి వేడినీరు పంపే బాయిలర్ మీద ఒత్తిడి ముల్లు చూడండి. హీటింగు ఆపి చల్లారాక 1 నుంచి 1.5 బార్ ఉండాలి. పదే పదే తగ్గుతుంటే ఎక్కడో నీరు కారుతున్నట్టే, యజమానికి రాతపూర్వకంగా చెప్పండి.

డాక్టరు, బడి

ఇంట్లో దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ (కుటుంబ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోండి, రుసుము లేదు. అమెరికాలోలాగా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడం ఉండదు, జీపీ పంపాలి, ఆపైన నెలల తరబడి వేచి ఉండాల్సి రావచ్చు. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు మూడు నెలల మందులు, జెనరిక్ పేర్లతో ఇంగ్లీషు చీటీ వెంట పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 999, తెల్లవారే దాకా ఆగాలో లేదో తేలకపోతే 111.

ఇంగ్లండ్ బడిలో పిల్లలు నాలుగు నిండిన తర్వాతి సెప్టెంబరులో చేరతారు. వయసు లెక్క ఆగస్టు 31తో తెగుతుంది. అమెరికాలో కిండర్‌గార్టెన్ చదివే పిల్ల ఇంగ్లండ్‌లో ఇయర్ వన్‌లో కూర్చుంటుంది. మధ్యలో చేరాలంటే స్థానిక కౌన్సిల్‌నో, కొన్ని చోట్ల బడినో నేరుగా అడగాలి.

డబ్బు, కారు

అమెరికా క్రెడిట్ స్కోరు సరిహద్దు దాటదు, మన సిబిల్ కూడా అంతే. కానీ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి బ్రిటన్‌లో నివసిస్తూ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. చిరునామా రుజువు కావడంతో క్రెడిట్ రికార్డుకీ అది పనికొస్తుంది. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. పైగా వాళ్లూ, గ్రీన్ కార్డు వాళ్లూ ఎక్కడున్నా అమెరికాలో పన్ను రిటర్ను వేయాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల పత్రం కూడా ఇవ్వాలి. బరంపురంలోని ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

అమెరికా లైసెన్సుతోనో, ఇక్కడి లైసెన్సుతోనో 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత పరీక్ష తప్పదు, రెండిటిలో దేన్నీ మార్చి ఇవ్వరు. పరీక్ష తేదీలు త్వరగా దొరకవు కాబట్టి ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల) లైసెన్సు మొదటి నెలలోనే తీసుకోండి. ఆటోమేటిక్ కారులో పాసైతే గేర్ల కారు నడపడానికి వీల్లేదు.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు

విజిటర్ వీసా మీద ఒకసారికి ఆరు నెలల వరకు ఉండొచ్చు. వాళ్లకు సర్‌చార్జి లేదు కాబట్టి ఆసుపత్రిలో చేరితే ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. పాత జబ్బులకూ వర్తించే ప్రయాణ బీమా ఇక్కడే తీసుకోమనండి.

సామానులో బరంపురం అప్పడాలు, ఆవకాయ, కందిపొడి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు భారత్ నుంచి తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. తాజా కరివేపాకు తీసుకెళ్లే ముందు నిబంధనలు చూసుకోండి. ఆవకాయ జాడీ చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టండి. చేతి సంచిలో అయితే నూనె పచ్చడిని ద్రవం కిందే లెక్కేసి భద్రతా తనిఖీ దగ్గరే ఆపేస్తారు.