మందుల కరపత్రం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కాలేయంలో మద్యం, డిప్రెషన్ మాత్రలు

మింగిన మాత్ర పేగుల నుంచి ముందు కాలేయానికే చేరుతుందని, అక్కడి ఎంజైములు దాన్ని కొంత విడగొట్టాకే మిగతా ఒంటికి అందుతుందని కిందటి పాఠంలో చూశాం. అదే సమయంలో మద్యం కూడా వస్తే?

మద్యాన్ని ప్రధానంగా విడగొట్టేది ఏడీహెచ్ అనే ఎంజైము. డిప్రెషన్ మాత్రల పని చూసేవి సీవైపీ2డీ6, 2సీ19, 3ఏ4 లాంటివి. ఎవరి పని వారిదే అయినా, మద్యం ఈ రెండో గుంపు పనినీ మారుస్తుంది. నెమ్మదింపజేస్తుందా, జోరు పెంచుతుందా అన్నది తాగే తీరును బట్టి ఉంటుంది. ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఇదే.

ఒక్క పూట బాగా తాగితే ఎంజైములు నెమ్మదిస్తాయి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత తరం మాత్ర రక్తంలో మామూలుకన్నా ఎక్కువగా చేరి మగత ముంచుకొస్తుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో ఎంజైముల జోరు పెరుగుతుంది. ఇమిప్రమిన్ త్వరగా ఖర్చయిపోయి, అదే డోసు చాలకపోవచ్చు. ఆ తాగుడుతోనే సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోవడం) వచ్చిందా, మళ్లీ తలకిందులు: మాత్ర విడగొట్టేవాళ్లు లేక పేరుకుపోతుంది. కాలేయం దెబ్బతిన్నవారికి సిటాలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది అందుకే.

సెర్ట్రలిన్ లాంటి కొత్త తరం మాత్రల మోతాదు ఒకటి రెండు గ్లాసులకు రక్తంలో పెద్దగా మారదు. అది చూసి ధైర్యం చేయకండి. మద్యం డిప్రెషన్‌నే ముదురుస్తుంది. మిర్టజాపిన్ అయితే మెదడులోనే మద్యం మత్తుకు తోడవుతుంది, దానికి కాలేయంతో పనే లేదు.

‘ఇవాళ పార్టీ ఉంది, మాత్ర మానేస్తా’ అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం. కొంతకాలంగా వాడుతున్నవారి రక్తంలో ఫ్లుయోక్సెటిన్ సగానికి తగ్గడానికే 4 నుంచి 6 రోజులు పడుతుంది. ఒక పూట మానితే ఒరిగేదేమీ లేదు. వెన్లాఫాక్సిన్ సుమారు 5 గంటల్లోనే సగమవుతుంది, మానితే తల తిరుగుడు, వికారం మొదలవ్వచ్చు. రోజూ తాగేవారు బ్యుప్రోపియాన్ వాడుతూ తాగుడును ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. ఆపడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

అభ్యాసం: మీ మాత్ర కరపత్రంలో మూడు విషయాలు వెతికి రాసుకోండి. ఏ ఎంజైము విడగొడుతుంది, సగమవడానికి ఎంతసేపు, కాలేయ జబ్బుంటే డోసు ఎంత. ఆ కాగితం కింద వారానికి ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు రాసి డాక్టరుకు చూపించండి. వచ్చే పాఠంలో నొప్పి మాత్రల సంగతి.