పాత్ర ఎదుగుదల – ఏడో పాఠం: తొలి ప్రేమకు పని చెప్పడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం బెడిసికొట్టింది. తప్పు కొంత నాదే. తొలి ప్రేమ తర్వాత మీ పాత్ర మారినట్టు కనిపించాలని చెప్పాను కానీ, ఎలా కనిపించాలో చెప్పలేదు. నాకు అందిన కథల్లో చాలావరకు ఒకే వాక్యంతో ముగిశాయి: "ఆ రోజుతో అతను పెద్దవాడయ్యాడు." పదహారేళ్ల కుర్రవాడు ఆరో పేజీలో ఏడ్చాడు, ఏడో పేజీలో వేదాంతం చెప్పాడు. ఈ రెంటి మధ్య ఏం జరిగిందని వెతికితే ఏమీ లేదు. అందుకే ఈ వారం మొదలుపెట్టాల్సిన సంభాషణల పాఠాన్ని పక్కన పెడుతున్నాను.

తొలి చూపు, గుండె దడ, నిద్ర పట్టని రాత్రి – వీటి జోలికి పోను. అవి మీకు వచ్చు. అవసరమైన దానికంటే ఎక్కువే వచ్చు.

నన్ను విసిగించేది ఒక్కటే: దెబ్బ తగిలితే చాలు, ఎదిగిపోయినట్టే అనుకోవడం. విఫలమైన ప్రేమ మనిషిని మొండివాణ్ణి చేయవచ్చు, పిరికివాణ్ణి చేయవచ్చు, ఏమీ చేయకుండా వదిలేయనూ వచ్చు. మరి ఎదుగుదల ఎక్కడిది? మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే దీనికి దారి చూపాడు. తానెవరో ఇంకా తేలని వయసులో, తన అస్పష్టమైన రూపాన్ని ఎదుటి మనిషి మీద వేసి, అక్కడ ప్రతిఫలించిన దాంట్లో తనను పోల్చుకునే ప్రయత్నమే ఆ వయసు ప్రేమలో చాలా భాగం అన్నాడు. వాళ్లు అంతంతసేపు మాట్లాడుకునేది కూడా అందుకేనట. అంటే మీ కుర్రవాడు ఇన్నాళ్లూ అద్దంలో చూసుకుంటున్నాడు. అది అద్దం కాదు, కిటికీ అని తెలిసే ఘట్టం మీరు రాయాలి. అవతల ఆమెకు ఒక గది ఉంది, అందులో అతనితో నిమిత్తం లేని బతుకు ఉంది.

రష్యన్ రచయిత తుర్గేనెవ్ నవలిక 'తొలి ప్రేమ' (1860) చూడండి. పదహారేళ్ల వ్లదీమిర్ ఆరాధించే జినైదా అతని తండ్రినే ప్రేమిస్తుంది. మీలో చాలామంది ఆ సంగతి బయటపడగానే కథ ముగించేస్తారు. తుర్గేనెవ్ ముగించలేదు. తండ్రి ఆమె చేతి మీద కొరడాతో కొడతాడు, ఆమె ఆ వాతను ముద్దు పెట్టుకుంటుంది. కుర్రవాడు దూరం నుంచి చూస్తాడు. తన ప్రేమ, దాని అలజడి అంతా, వాళ్లిద్దరి మధ్య తను చూసిన, ఇంకా తనకు అంతుపట్టని దాని ముందు పసితనంగా తోస్తుంది. అతన్ని ఆ నెల రోజుల్లో పెద్దవాణ్ణి చేసింది ఇదే. పైగా ఈ కథ చెప్పుకునేది నలభై ఏళ్ల వ్లదీమిర్, కాబట్టి ఆ తెలివిడి అతని నోట ఇముడుతుంది. పదహారేళ్లవాడు అప్పటికప్పుడు ఉత్తమ పురుషలో చెబుతుంటే ఇమడదు.

అంత పెద్ద సంఘటన అక్కర్లేదు. మీ కుర్రవాడు, ఆమెకు ఇష్టమనుకుని నెలల తరబడి ఒకే పాట వినిపిస్తున్నాడు. ఆ పాటంటే ఆమెకు మొదటి నుంచీ విసుగని, అతని ముఖం చూసి చెప్పలేకపోయిందని ఆమె తమ్ముడు నోరు జారాడు. ఇక్కడి నుంచి రాయండి.

నా అడ్డదారి ఒకటుంది: మార్పును ప్రేమించిన మనిషి ముందు చూపించను, మూడో మనిషి దగ్గర చూపిస్తాను. తలుపు వేసుకుని ఫోనులో గంటలు గడిపే అమ్మాయి, ఆ ప్రేమ ముగిసిపోయిన కొన్నాళ్లకు, రాత్రి వంటింట్లో ఒంటరిగా కూర్చున్న తల్లిని చూస్తుంది. "అమ్మా, నా వయసులో నీకు స్నేహితులెవరు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి తెలుసు. మీరు వివరించారో, చెడింది.

అభ్యాసం: మీ కథలో ఏడుపు పేజీ కొట్టేయండి. అబ్బాయి కంటపడని ఒక రోజంతా అమ్మాయి ఏం చేసిందో నాలుగు పేజీలు రాయండి. అతని పేరు అందులో ఒక్కసారే రావాలి, అదీ ఏదో పనిలో ఉండగా. ఆ పేజీలు కథలో చేర్చకండి, నాకూ పంపకండి. తర్వాత ముగింపు తిరగరాసి, అది మాత్రమే పంపండి. నాలుగు పేజీలు రాశారో ఎగ్గొట్టారో దాన్నిబట్టే తెలిసిపోతుంది.