మీ ఊరి చెట్టూ పిట్టా నుంచి మీ సొంత స్తుతి కీర్తన రాసుకోవడం ఎలా?

ఈమధ్య వస్తున్న క్రైస్తవ పాటల్ని వరసగా కొన్ని వినండి. మహోన్నతుడు, అద్వితీయుడు, ఎడారిలో సెలయేరు, తుఫానులో నావ... మాటలన్నీ మంచివే. కానీ ఏ పాట ఏ ఊళ్లో పుట్టిందో పోల్చుకోలేం. ఎడారి ఎలా ఉంటుందో చూడనివాళ్లం ఎడారి గురించి రాస్తాం. ఇంటి వెనక వేపచెట్టు మాత్రం ఒక్క చరణంలోకి కూడా రాదు. బైబిల్లో కీర్తనలు రాసినవాళ్లు అలా చెయ్యలేదు. వాళ్ల కొండలు, వాళ్ల కొంగలు, వాళ్ల పొలాలే వాళ్ల స్తుతిలో ఉన్నాయి. మనం కూడా అలా రాయొచ్చు. దానికి కవి కానక్కర్లేదు, రాగజ్ఞానం కూడా తప్పనిసరి కాదు. ఒక బైబిలు, ఒక నోటుబుక్కు, పెన్సిలు, వారంలో ఒకటి రెండుసార్లు అరగంట తీరిక ఉంటే చాలు.

1. ముందు 104వ కీర్తనను పెన్సిలు పట్టుకుని చదవండి

దీనిలో 35 వచనాలున్నాయి. మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి అందులో కనిపించే ప్రతి ప్రాణి కింద, ప్రతి చెట్టు కింద గీత గీయండి. అడవి గాడిదలు వాగుల దగ్గర దప్పి తీర్చుకుంటాయి. సరళవృక్షాల మీద కొంగలు కాపురముంటాయి. ఎత్తైన కొండలు కొండమేకలవి, బండలు కుందేళ్లవి. రాత్రయితే సింహపు పిల్లలు వేటకు గర్జిస్తాయి, పొద్దు పొడిస్తే గుహల్లోకి పోయి పడుకుంటాయి. అప్పుడు మనిషి పనికి బయల్దేరి సాయంత్రం దాకా పాటుపడతాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. రాసినవాడు మనిషిని సింహం తర్వాత, ఆ రోజు రెండో షిఫ్టులో వచ్చేవాడిలా పెట్టాడు. ఊరికే ‘సమస్త సృష్టి’ అనుకుంటూ కూర్చుంటే ఈ ఊహ రాదు. ఎవరో రాత్రీ పగలూ గమనించారు కాబట్టే వచ్చింది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఇంకా చిత్రంగా ఉంటుంది. అందులో ఓడలు నడుస్తాయి, ఆటలాడుకోవడానికి దేవుడు చేసిన మకరాలు, అంటే పెద్ద సముద్రప్రాణులు, ఉంటాయి. ఆటలాడుకోవడానికి! భక్తి అంటే ముఖం ముడుచుకుని కూర్చోవడమే అనుకునేవాళ్లకు ఈ మాట చూపించాలి.

మూడోసారి క్రియాపదాలు మాత్రమే చూడండి. తాగడం, గూడు కట్టడం, గర్జించడం, బయల్దేరడం. విశేషణాలు తక్కువ, పనులు ఎక్కువ. మీ నోటుబుక్కులో మొదటి పేజీ మీద ఈ ఒక్క విషయం రాసి పెట్టుకోండి.

2. ఒకే చోటు ఎంచుకోండి

కొండలూ జలపాతాలూ వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, చర్చి ఆవరణలో చింతచెట్టు కింద, చెరువు గట్టు మీద, హాస్టల్ కిటికీ దగ్గర, ఎక్కడైనా సరే. మళ్లీ మళ్లీ వెళ్లగలిగే చోటై ఉండాలి. చోటు మారిపోతుంటే మార్పు కనిపించదు. ఉదయం ఎండ ఎక్కకముందు గానీ, సాయంత్రం పిట్టలు గూళ్లకు చేరే వేళ గానీ మంచిది. ఫోను సైలెంటులో పెట్టినా చెయ్యి దాని మీదికే పోతుంది, ఇంట్లో వదిలి వెళ్లండి. వానాకాలంలో గట్ల మీదా గడ్డిలోనూ పాములుంటాయి, చూసి కూర్చోండి. గూళ్ల దగ్గరికి మరీ వెళ్లకండి.

3. కాలాన్ని బట్టి ఏం చూడాలి

మన రెండు రాష్ట్రాల్లో ఏ నెలకు ఆ నెల ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

తొలకరి పడగానే ఇసుక నేలల్లో, చెలకల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ముఖమల్ ముక్కలు పాకుతున్నట్టుంటాయి. కొద్దిరోజులు కనిపించి మాయమవుతాయి, అందుకే జూన్‌లో మొదటి వాన వదులుకోవద్దు. అదే కాలంలో తాటిచెట్లకు, ఈతచెట్లకు, బావి మీదికి వాలిన తుమ్మ కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. కాస్త ఓపిక ఉంటే ఇక్కడ పెద్ద కథే చూడొచ్చు. గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకు నుంచో తాటాకు నుంచో సన్నటి పోగులు చీల్చి తెచ్చి అల్లుతుంది. గూడు సగమయ్యాక ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి గూటిని పరీక్షగా చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే సగంలో వేలాడుతుంది. ఈసారి గూళ్ల గుంపు కనిపిస్తే ఎన్ని సగంలో ఆగిపోయాయో చూడండి.

వానలు వెనకబడే రోజుల్లో తంగేడు పసుపు పచ్చగా విరగబూస్తుంది. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా చాలా దేశాల సంఘాలు సృష్టి కోసం ప్రత్యేక ప్రార్థనలు చేస్తాయి. ఆ రోజులు మనకు పచ్చటి వరి పొలాల రోజులు, మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. చలికాలంలో వీలైతే పక్షులున్న చోటికి ఒకసారి వెళ్లండి. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ కొంగలూ ఊళ్లోని చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి, ఊరివాళ్లు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. అక్కడ నిలబడి 104వ కీర్తనలో కొంగల వచనం చదివి చూడండి.

ఈస్టర్‌కు ముందు శ్రమదినాలు వచ్చేసరికి మన దగ్గర ఆకు రాలుతుంటుంది. బోసి కొమ్మల మీద మోదుగ ఎర్రగా పూస్తుంది. ఈస్టర్ చేరువయ్యేసరికి వేప కొత్త చిగురేసి పూతకొస్తుంది. మట్టల ఆదివారం పిల్లల చేతుల్లోకి ఈతమట్టలొస్తాయి. చలిదేశాల ఈస్టర్ కార్డుల మీద మంచు కరగడం, చిన్న చిన్న పసుపు పూలు చూస్తుంటాం. మనకు పునరుత్థానపు గుర్తు కావాలంటే ఎండలో చిగురేసే వేపే ఉంది. దీని మీద పాట రాసినవాళ్లు చాలా తక్కువమంది, చోటు ఖాళీగానే ఉంది.

4. దేవుడి పేరు ఎత్తకుండా రాయండి

ఇది వినడానికి విడ్డూరంగా ఉండొచ్చు, కానీ అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కూర్చున్న చోట ఇరవై నిమిషాలు చూసింది చూసినట్టు రాయండి. ‘ప్రకృతి అందంగా ఉంది’ అని రాయకూడదు. ‘అద్భుతం’, ‘మహిమ’, ‘ఆశ్చర్యకరం’ ఈ పేజీలోకి రాకూడదు. ఏం కనిపించింది, అది ఏం చేస్తోంది, ఏ రంగు, ఏ చప్పుడు, అంతే. ఒక నమూనా:

‘ఈతచెట్టు. ఆరు గూళ్లు. రెండు పూర్తిగా, నాలుగు సగం. పసుపు తలపిట్ట ఆకు పోగు ముక్కున కరుచుకుని వచ్చింది. తలకిందులుగా వేలాడుతూ కుట్టింది. గాలికి కొమ్మంతా ఊగింది, పిట్ట వదల్లేదు. గోధుమ రంగు పిట్ట వచ్చి లోపల తల పెట్టి చూసి వెళ్లిపోయింది. పసుపు తలపిట్ట మళ్లీ పోగు కోసం పోయింది.’

భక్తి మాటలు ముందే రాసేస్తే కళ్లు పని మానేస్తాయి. మనకు అలవాటైన ప్రార్థన భాష ఎంత సులువుగా దొర్లుతుందంటే, దాని వెనక ఏమీ చూడకపోయినా పేజీ నిండిపోతుంది. పేరు తెలియని పిట్టకు, చెట్టుకు పేరు కనుక్కోండి. ఊళ్లో పెద్దవాళ్లను, గొర్రెలు కాసేవాళ్లను అడగండి. ఆదికాండంలో ఆదాముకు దేవుడిచ్చిన తొలి పనుల్లో ఒకటి జంతువులకు పేర్లు పెట్టడమే. సొలొమోను లెబానోను దేవదారు నుంచి గోడ మీద మొలిచే హిస్సోపు మొక్క దాకా అన్నిటి గురించీ మాట్లాడాడని మొదటి రాజుల గ్రంథంలో ఉంది. అతని పాటలు 1005 అని కూడా అక్కడే ఉంది. ఆ రెండు వివరాలూ పక్కపక్కనే ఉండడం ఊరికే కాదని నా అభిప్రాయం.

5. ఇప్పుడు అదే పేజీని ప్రార్థనగా మార్చండి

ఇంటికి వచ్చాక, లేదా మర్నాడు, రాసింది మళ్లీ చదవండి. ఒక్క వాక్యం మిగతావాటికంటే మనసులో నిలబడుతుంది. దాన్ని ఎంచుకుని, ‘నీవు’ అని దేవునితో నేరుగా మాట్లాడుతూ తిరగరాయండి. పై నమూనాలో నాకైతే ‘గాలికి కొమ్మంతా ఊగింది, పిట్ట వదల్లేదు’ అన్నది నిలబడుతుంది. మీకు సగంలో ఆగిన గూళ్లు నిలబడొచ్చు.

పిట్టను చూడగానే నీతిపాఠం తీసేయకండి. యేసు ఆకాశపక్షులను చూడమన్నాడు, అవి విత్తవు, కోయవు అన్నాడు. దాన్ని ‘పని చెయ్యక్కర్లేదు’ అని చెప్పేవాళ్లున్నారు. గిజిగాడిని ఒక పూట చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. పిట్ట పని చేస్తూనే ఉంటుంది, టెన్షన్ పడదు. చూడకుండా తీసే పాఠం ఇలాగే తప్పిపోతుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 148వ కీర్తనలో సూర్యుడు, మంచు, పండ్లచెట్లు, పాకే పురుగులు, అన్నీ స్తుతించేవాళ్ల గుంపులో ఉన్నాయి. మనం పూజించేది వాటిని కాదు, వాటితో కలిసి పాడుతున్నాం.

6. పాట కట్టండి

మన కీర్తనలకు పల్లవి, చరణం అనే చక్కని సాంచా ఎప్పటినుంచో ఉంది. పాత కీర్తనల పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, గమనించే ఉంటారు. మీకు బాగా వచ్చిన ఒక పాత కీర్తన వరసను తీసుకుని, దానిలో మీ మాటలు ఇమిడ్చి చూడండి. ఇది అభ్యాసానికి మాత్రమే. తర్వాత సొంత వరస దానంతటదే వస్తుంది, లేదంటే సంఘంలో హార్మోనియం వాయించే అన్నను అడగండి. సినిమా ట్యూన్ మీద రాయొద్దు, పాడేవాళ్లకు అసలు పాటే గుర్తొస్తుంది.

పై నోట్సు నుంచి ఒక చిన్న ప్రయత్నం:

ఊగే కొమ్మకు గూడల్లే ముక్కునిచ్చిన దేవా
ఊగే నా ఈ బతుకుకు ఒక పట్టు నీవే కావా

వరి ఆకు చీల్చి పోగులు తెచ్చి
ఈతకొమ్మను గట్టిగ చుట్టి
సగమే అల్లి ఎదురు చూసే
గిజిగాడి ఓపిక నాకూ నేర్పు

ఇది గొప్ప పాటేమీ కాదు. కానీ ఇందులో ఒక ఈతచెట్టుంది, వరి పొలముంది, ఎవరో చూసిన ఒక పిట్టుంది. రాసేటప్పుడు చప్పట్లతో తాళం వేసుకుంటూ పైకి చదవండి. నోరు తడబడే చోట మాట మార్చండి. గ్రాంథిక భాష కోసం పాకులాడకండి, ‘చూచుచున్నాను’ అంటేనే దేవుడు వింటాడని ఎక్కడా లేదు. పల్లవి, రెండు చరణాలు చాలు.

పాట రానివాళ్లు బొమ్మ వెయ్యండి, ముగ్గు దిద్దండి, చర్చి బలిపీఠం దగ్గర పెట్టడానికి తంగేడుతో, వరి కంకులతో అలంకరణ చెయ్యండి. నిర్గమకాండంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు ప్రసంగీకుడు కాదు. బంగారం, రాయి, చెక్క మీద పనిచేసే హస్తకళాకారుడు.

7. ఏమీ రాని రోజుల్లో

చెట్టు చూసినా పిట్ట చూసినా మనసు కదలని రోజులుంటాయి. ఇంట్లో జబ్బు, అప్పు, చావు. అప్పుడు బలవంతంగా ఆనందం రాయకండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. యోబు అంత ఏడ్చాక దేవుడు ఇచ్చిన జవాబులో కష్టానికి కారణం చెప్పలేదు. కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో తెలుసా, డేగ ఎవరి జ్ఞానంతో ఎగురుతోంది అని అడిగాడు. నాకు ఇది చాలాకాలం జవాబులా అనిపించలేదు. ఇప్పుడు మాత్రం, బాధలో ఉన్న మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లినట్టు అనిపిస్తుంది.

ఇటలీలో అసీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి సూర్యుడిని అన్నా అని, చంద్రుడిని అక్కా అని పిలుస్తూ స్తుతిగీతం చెప్పింది 1225 ప్రాంతంలో. అప్పటికి ఆయన కళ్లు దాదాపు పోయాయి, వెలుతురు చూస్తే నొప్పి. అయినా మొదట సూర్యుడినే తలుచుకున్నాడు. అదీ లాటిన్‌లో కాదు, తన ప్రాంతపు జనం మాట్లాడే భాషలో. ఏళ్ల తరబడి చూసి దాచుకున్నది చూపు పోయాక కూడా ఆయనకు మిగిలింది.

అలాంటి రోజుల్లో నాలుగో మెట్టు మాత్రం చెయ్యండి. చూసింది రాయండి, తేదీ వెయ్యండి, మూసెయ్యండి.

8. ఎక్కడ పాడాలి

ఆదివారం ఆరాధనలో మైకు ముందు మొదలుపెట్టకండి. ముందు ఇంట్లో, తర్వాత గృహ కూటంలో. ఒక పెద్దావిడకు, ఒక చిన్నపిల్లకు వినిపించండి. పెద్దావిడకు అర్థం కాని మాట, పిల్ల నోటికి రాని మాట రెండూ కొట్టేయండి. సండే స్కూలు టీచర్లకు, వేసవి వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిలు బడి) నడిపేవాళ్లకు ఇది మంచి పని కూడా. పిల్లల్ని చర్చి ఆవరణలోకి వదిలి, తలా ఒక ప్రాణిని చూసి రమ్మనండి. తలా ఒక్క వాక్యం చెప్తే చరణాలు వాళ్లే కట్టేస్తారు.

కోతకాల పండుగ చేసే సంఘమైతే ఆ రోజు కోసం ఒక పాట ముందుగానే సిద్ధం చేసుకోండి. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు బలిపీఠం ముందుకు వచ్చే రోజది. ఆ అర్పణల వేలం మొదలయ్యాక ఎవరూ వినరు కాబట్టి, అర్పణలు తెచ్చే వేళే పాడేలా అయ్యగారితో ముందే మాట్లాడి పెట్టుకోండి.