చర్చలో నోరు విప్పడం, 3వ పాఠం: పక్కవాళ్ల మాట పట్టుకుని

క్లాసుకు ముందే ఒక ప్రశ్న రాసుకుని వెళ్లమని పోయిన పాఠంలో చెప్పాను. రాసుకెళ్లి కూడా అడగలేకపోయారా? పర్వాలేదు. నేను ఒక సెమిస్టరంతా అలా కాగితం మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నవాణ్ణే.

దీనికి భయం ఒక్కటే కారణం కాదు. మనసులో వాక్యాన్ని చెక్కుతూ కూర్చుంటాం. అది కుదిరేసరికి చర్చ ఇంకెక్కడికో పోతుంది. చెక్కుతున్నంతసేపూ ఎదుటివాళ్ల మాటలు చెవికెక్కవు కూడా. 1973లో మాల్కమ్ బ్రెన్నర్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఒక ప్రయోగం చేశాడు. కలిసి కూర్చున్నవాళ్లు వంతులవారీగా పదాలు పైకి చదివారు. తమ వంతుకు కాస్త ముందు వినిపించిన పదాలే వాళ్లకు సరిగా గుర్తులేవు.

అందుకే ఈ వారం సొంత వాక్యం తయారుచేయకండి. వింటూ, ఎవరో అన్న మాటల్లో ఒక్కటి పట్టుకోండి. నోట్సులో రెండు పదాలు చాలు.

ఓటు తప్పనిసరి చేయాలా అన్నది చర్చ అనుకుందాం. ఎవరో "జరిమానా వేస్తే అందరూ వస్తారు" అన్నారు. మీరు 'జరిమానా' అని రాసుకున్నారు. ఇక అడగండి: "జరిమానా అన్నారు కదా, అది కట్టలేనివాళ్ల సంగతేంటి?" అంతే. చదివి వచ్చిన ముక్క ఉంటే దానికి తగిలించండి: "ఆస్ట్రేలియాలో 1924 నుంచి ఈ చట్టం ఉంది కదా, అక్కడ సరైన కారణం చెబితే జరిమానా ఉండదట."

"ఇది తప్పేమో గానీ" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాటతో మీరే వినేవాళ్లకు తప్పు వెతికే పని అప్పగిస్తారు. గొంతు వణికితే వణకనివ్వండి, వాక్యం మాత్రం పూర్తిచేయండి. మీకు వినిపించినంత వణుకు అవతలివాళ్లకు వినిపించదు.

మరో ఉపాయం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో గమనించింది. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది నోరు విప్పారు. క్లాసు బయట మీ టీచర్‌ని కలిసి, "ప్రశ్న అడిగాక కాస్త ఆగుతారా?" అని అడగండి. నలుగురిలో మాట్లాడటం కన్నా ఇది తేలికే.

ఈ వారం పని: రెండు క్లాసుల్లో, మొదటి పది నిమిషాల్లోనే, వేరేవాళ్ల మాట పట్టుకుని ఒక్క ప్రశ్న. ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. మీ మాటను ఎవరైనా ఖండిస్తే ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం.