డ్యూటీ, చదువు, ఇల్లు: ముందు ఇంటి గంటలు రాసుకోండి

ఐసీయూ నర్సుకి చదువు అయిపోవడం అంటూ ఉండదు. గుండె ఆగినవాళ్లని కాపాడే శిక్షణకి ఇచ్చే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులకు రెండేళ్లకే గడువు తీరుతుంది. కొత్త వెంటిలేటర్ వస్తే దాని మోడ్‌లన్నీ నేర్చుకోవాలి. ఇంట్లో స్కూలుకెళ్లే పాప, ఉద్యోగం చేసే మా ఆయన, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీరు అకౌంట్స్‌లో ఉన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా ఇది పనికొస్తుంది.

డ్యూటీ లిస్టు చేతికి రాగానే ముందు ఇంటి గంటలు గుర్తు పెట్టండి. పాపతో గడిపే సాయంత్రాలు, అందరూ ఇంట్లో ఉండే రోజు, అత్తగారిని డాక్టరుకి చూపించే రోజు. చదువుని ఆ తర్వాతే ఇరికించండి. చాలామంది చదువు టైంటేబుల్ ముందు వేసుకుని, మిగిలింది ఇంటికి ఇద్దామనుకుంటారు. ఆ మిగిలేది ఎప్పుడూ మిగలదు.

ఇప్పుడు విషయాన్ని బాగా చిన్నది చేయండి. ‘ఈసీజీ నేర్చుకుంటాను’ అనుకుంటే అది ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం. ‘గుండె లయ తప్పే రెండు రకాలు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌నీ ఫ్లటర్‌నీ, ఈసీజీ కాగితం చూసి విడదీసి చెప్పగలగాలి’ అనుకుంటే పని తెలుస్తుంది. ఈ వారం డ్యూటీలో ఎదురయ్యే విషయమే ఎంచుకుంటే ఇంకా మంచిది, రివిజన్ మానిటర్ దగ్గరే అయిపోతుంది. ఏ కోర్సు కనబడినా నేనొకటే చూస్తాను: రాబోయే ఆర్నెల్లలో ఇది నా పేషెంటుకి ఉపయోగపడుతుందా? పడదనిపిస్తే, సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా చేరను.

సెలవు రోజంతా పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం నాకు అస్సలు నచ్చదు. ఇంటివాళ్ల రోజు పోతుంది, చదివిందీ నిలవదు. చదివింది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. అదే విషయాన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చూస్తే ఎక్కువ కాలం గుర్తుంటుందని తర్వాతి పరిశోధనలు గట్టిగా చెప్పాయి. అందుకే వారంలో నాలుగు రోజులు ఇరవై నిమిషాల చొప్పున చదువుతాను, సెలవు రోజు ఇంటికే వదిలేస్తాను.

ఆ ఇరవై నిమిషాల్లో కూడా సగం పుస్తకం మూసే ఉండాలి. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. దీనికి టేబులూ కుర్చీ అక్కర్లేదు. ఆస్పత్రికి వెళ్లే దారిలో మందుల డోసులు మనసులోనే అప్పజెప్పుకోవచ్చు. ఇంటి గుమ్మం దాటాక అదీ ఆపేయండి.

పాప హోంవర్క్ చేస్తుంటే పక్కన లెక్చర్ వీడియో పెట్టుకోవద్దు. పిల్లలకి అది వెంటనే తెలిసిపోతుంది. పాపకి కూడా అందులో పని ఉంటే మాత్రం సంగతి వేరు. నేను దిండు మీద సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కడం) లయ సాధన చేస్తుంటే పాప గట్టిగా ముప్పై వరకు లెక్కపెడుతుంది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు పడాలి కాబట్టి, నెమ్మదిస్తే ‘అమ్మా, ఇంకా ఫాస్ట్’ అంటుంది. ఇద్దరికీ ఇష్టమైన ఆట అది. ఛాతీ ఎంత లోతు నొక్కాలో దిండు మీద తెలియదు, దానికి మానికిన్ (శిక్షణకి వాడే మనిషి బొమ్మ) కావాల్సిందే.

నైట్ డ్యూటీ దిగాక చదవకండి, పడుకోండి. చదివింది మెదడులో గట్టిపడడానికి నిద్రే కావాలి.

పరీక్ష తేదీ ఇంట్లో అందరికీ చెప్పి క్యాలెండర్లో రాయండి. ‘కొన్నాళ్లు ఓపిక పట్టండి’ అంటే ఎన్నాళ్లో తెలియక ఇంటివాళ్లకి టెన్షన్. తేదీ తెలిస్తే, ఆ వారాల్లో పాపని ఎవరు నిద్రపుచ్చాలో మా ఆయనా నేనూ ముందే పంచుకుంటాం. అత్తగారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా అనుకోకుండా, ఆవిడనీ అడగాలి.

కొత్త మెషీన్ ట్రైనింగ్‌ని డ్యూటీ గంటల్లోనే పెట్టమని ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడగండి. డ్యూటీ లిస్టు తయారవక ముందే, రాతపూర్వకంగా అడగండి. లిస్టు గోడెక్కాక మార్చడం ఆవిడకీ కష్టమే.