చిన్ననాటి విజయనగరాన్ని కాగితం మీదికి తెచ్చుకునే విధానం

ఉద్యోగాల కోసం విజయనగరం విడిచిపెట్టి, పాతిక ముప్పై ఏళ్ల తర్వాత సెలవులకు వచ్చిన వారిలో చాలామంది, పుట్టి పెరిగిన వీధిలో నిలబడి కూడా అది తమ వీధేనని పోల్చుకోలేకపోతున్నారు. 2001 జనాభా లెక్కల నాటికి లక్షా డెబ్బై అయిదు వేలకు దగ్గరగా ఉన్న పట్టణం 2011 నాటికే రెండు లక్షలు దాటింది. తర్వాత దాసన్నపేట వైపు, గాజులరేగ వైపు, రింగు రోడ్డు పొడవునా ఎంత పెరిగిందో చూసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. ఊరు మారిపోయిందని నలుగురిలో నిట్టూర్చడం సులభమే గానీ ఏది, ఎప్పుడు, ఎవరి చేతిలో మారిందని అడిగితే మనలో ఎక్కువమందిమి జవాబు చెప్పలేము. ఆ బెంగకు చోటూ సంవత్సరమూ జోడించి, మీ బాల్యం నాటి పేటను ఒక పటంగా గీసుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తాను. ఉదాహరణలు విజయనగరానివి అయినా శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వారికి కూడా పద్ధతి ఇదే.

అన్నిటికంటే ముందు, ఏ పటాన్నీ ఏ ఫొటోనూ చూడకుండా, జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడి ఒక పెద్ద చార్టు కాగితం మీద మీ పేటను గీయండి. ఉపగ్రహ చిత్రాన్ని ఒక్కసారి చూశారంటే జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ తర్వాత మీకు నిజంగా గుర్తున్నదేదో, తెరమీద చూసి గుర్తున్నదనుకున్నదేదో విడదీయడం కష్టం. గీత మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి బడి దాకా నడవాలి. కోటనో గంటస్తంభాన్నో మధ్యలో పెట్టుకుని గీయాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ కోటకు 1713లో శంకుస్థాపన జరిగిందనీ, గంటస్తంభం 1885 నాటిదనీ, మహారాజా వారి కళాశాల 1879లో ఏర్పడిందనీ, సంగీత కళాశాల 1919లో మొదలైందనీ పుస్తకాలలో ఎక్కడ వెతికినా దొరుకుతుంది. ఏ పుస్తకంలోనూ లేనివి వేరే ఉన్నాయి. పిండిమర, కట్టెల అడితి, కిరసనాయిలు డిపో, గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం, అద్దె పుస్తకాల బడ్డీ, వేసవిలో బిందెల వరుస పెరిగే వీధి కుళాయి, పిల్లలను తొంగిచూడనివ్వని పాడుబడ్డ నుయ్యి ఎక్కడెక్కడ ఉండేవో మీ తరం వారు చెప్పకపోతే ఇక చెప్పేవారు లేరు. మీ కళ్లతో చూసినవాటిని నల్ల సిరాతోనూ, పెద్దలు చెప్పగా విన్నవాటిని నీలి సిరాతోనూ, ఊహను పెన్సిలుతోనూ గుర్తించండి. గుర్తురాని చోటును ఖాళీగానే వదిలేయండి, ఎందుకంటే తర్వాత ఎవరిని ఏమి అడగాలో ఆ ఖాళీలను చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత ఇంట్లో ట్రంకుపెట్టె తెరవాలి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే ఆధారం ఫొటో కాదు, పాత దస్తావేజు. ప్రతి క్రయ దస్తావేజు చివర ఉండే షెడ్యూలులో ఆస్తికి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాసి ఉంటాయి: తూర్పున ఫలానా వారి పెంకుటిల్లు, దక్షిణాన మున్సిపల్ రాస్తా, పడమర ఫలానా వారి ఖాళీ స్థలం, ఉత్తరాన సందు. ఆ నాలుగు పంక్తులలో, ఒక ఫలానా తేదీన మీ ఇంటి చుట్టూ ఎవరెవరు ఉన్నారో, ఏది ఇల్లో ఏది ఖాళీయో, దారి ఎటు ఉందో సాక్షుల సంతకాలతో సహా నిలిచి ఉంటుంది. కాబట్టి కొనుగోలు దస్తావేజు ఒక్కటే చూసి ఊరుకోకుండా భాగపంపకాలవి, దానపత్రాలు, ఎప్పుడో తీరిపోయిన తనఖాలవి కూడా బయటికి తీయండి. ఒకే స్థలానికి 1958లో, 1974లో, 1991లో రాసిన హద్దులను పక్కపక్కన పెట్టుకుంటే ఖాళీ స్థలం ఇల్లుగా మారడం, సందు ఇరుకై చివరికి మాయమవడం మీ కళ్లముందే జరిగినట్టు తెలుస్తుంది.

పక్కింటివారు ఇష్టపడితే వారి దస్తావేజును కూడా కలిపి చదవండి. మీ తూర్పు హద్దు వారి పడమటి హద్దు కావాలి. రెండూ కలవకుండా మధ్యలో నాలుగు అడుగులు మిగిలాయంటే అక్కడ ఒకప్పుడు నడకదారో మురుగుకాలువో ఉండి ఉండవచ్చు, లేదా ఎవరో ఒకరు కొలత తప్పు రాయించి ఉండవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మీరు పాత ఊరిని వెతుకుతున్నారు, పాత తగాదాలను కాదు. దస్తావేజు అడిగిన మరుక్షణం ఎదుటివారు హద్దుల గొడవ వస్తుందేమోనని సందేహిస్తారు కనుక, చూపించలేమంటే రెండోసారి అడగవద్దు. కాగితాలు పోయి, దస్తావేజు నంబరూ సంవత్సరమూ తెలిసి ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చాలాచోట్ల 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందువి పుస్తకాలు తిరగేసి తీయాలి కనుక ఓపిక పట్టాలి.

పట్టణం శివార్లలోని పల్లె మీది అయి, అది ఇప్పుడు కాలనీగా మారి ఉంటే, ఇంటి నంబరు కంటే సర్వే నంబరు నమ్మదగినది. పొలం లేఅవుటు అయినా, కాలనీకి కొత్త పేరు వచ్చినా, లింకు కాగితాలలో (ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన దస్తావేజులలో) పాత సర్వే నంబరు కొనసాగుతూనే ఉంటుంది. అయితే 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాలలో కొత్తగా ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు ఇస్తున్నారు. పాత నంబరు తెలిసిన పెద్దవారు ఉన్నప్పుడే దానిని రాసి పెట్టుకోవడం మంచిది. ఈ ప్రాంతంలో చాలా గ్రామాలు ఎస్టేటు గ్రామాలు, అంటే ఒకప్పుడు జమీందారుల కింద ఉన్నవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్మెంటు జరిగిన చోట్ల తయారైన సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ అనే భూముల రికార్డులో చెరువులు, గెడ్డలు (వాగులు), బందలు (చిన్న కుంటలు), కళ్లాలు, శ్మశానాలు వేరువేరుగా నమోదై ఉంటాయి. మీ తాతగారి పొలం కంటే ఊరుమ్మడి భూమి ఏమైందన్నదే పటానికి ముఖ్యం.

పటాల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. భారత సర్వే సంస్థ వారి ఒకటికి యాభై వేల స్కేలు పటాలలో విజయనగరం పాత వరుస ప్రకారం 65ఎన్/8 షీటులో వస్తుంది, శ్రీకాకుళం పట్టణం 65ఎన్/15లో వస్తుంది. వీధులు తెలియకపోయినా చెరువు గట్లు, బండిదారులు, తోటలు వాటిలో కనిపిస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలను వెనక్కి జరుపుకుంటూ చూసే వీలుంది గానీ మన వైపు స్పష్టమైన చిత్రాలు 2000 తర్వాతివే కనుక, మీ బాల్యం అంతకుముందుదైతే దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇంకా వెనక్కి వెళ్లాలనుకునే వారు 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చూడవచ్చు. శ్రీకాకుళం వారికి మాత్రం అందులో పని జరగదు, ఎందుకంటే 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఆ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. వారు 1882 నాటి గంజాం జిల్లా మాన్యువలులో చికాకోల్ అనే పేరుతో వెతకాలి. ఇక పూడిపోయిన చెరువుల విషయానికి వస్తే, విజయనగరంలో పెద్దచెరువు, అయ్యకోనేరు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి వాటితో చిక్కు లేదు. చిన్న చెరువులూ బందలూ ఎక్కడుండేవో తెలుసుకోవాలంటే, కారణం లేకుండా రోడ్డు వంకర తిరిగిన చోటును, గట్టి వాన పడగానే మోకాలి లోతు నీరు నిలిచే కాలనీని పటంలో గుర్తించి, అక్కడి వయసు పైబడినవారిని అడగండి. నీరు తన పాత చిరునామాను మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది.

మనుషులను అడగడంలో ఒక నేర్పు ఉంది. ఊరు అప్పట్లో ఎలా ఉండేదని అడిగితే అందరూ బాగుండేదనే చెబుతారు, అది పటానికి పనికిరాదు. పాలు ఎవరు పోసేవారు, వారు ఎటునుంచి వచ్చేవారు, రాత్రి ఏ మలుపు దాకా దీపాలు ఉండేవి, రిక్షా అతను ఏ చోటికి రానని మొండికేసేవాడు అని అడిగితే దారులూ చీకటీ ఎత్తుపల్లాలూ వాటంతటవే బయటపడతాయి. బంధువులతో మొదలుపెట్టినా బంధువులతో ఆపకండి. పోస్టుమాన్‌గా పనిచేసి విరమించినవారు, బట్టలు ఇస్త్రీ చేసినవారు, ఇంటింటికీ నీళ్లు మోసినవారు మనకంటే ఎక్కువ గుమ్మాలు ఎక్కిదిగినవారు. సంవత్సరాల విషయంలో ఎవరినీ నిలదీయవద్దు. “మావయ్యగారూ, ఆ నుయ్యి పూడ్చినది జిల్లా అయ్యాకనా, ముందేనా?” అని అడిగితే సరిపోతుంది, ఎందుకంటే విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983, కర్ఫ్యూ పెట్టిన 2013, హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు కూడా ఇలాంటి గుర్తులే. ఏ చెట్టు గురించి అడిగినా హుద్‌హుద్‌కు ముందా తర్వాతా అన్న ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే రోడ్ల విస్తరణలో పోయాయని మనం తిట్టుకునే చెట్లలో కొన్నిటిని ఆ గాలే పడగొట్టింది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరు రావడం అలవాటున్నవారు ఈ పనిని ఆ సెలవులతో కలుపుకోవచ్చు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను తిరుగుతుంది, అంతకుముందు రోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ కాగితం, కొలతటేపు బయటికి తీయకండి. జనంలో ఏ వీధీ కనబడదు, కనబడినా ఆ పూట చూడవలసినది వీధి కాదు. కానీ చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన పాత ఇరుగుపొరుగు ఒకచోట దొరికేది అప్పుడే. ఫోను నంబర్లు తీసుకుని, బుధవారం ఉదయం వారిలో ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పేట అంతా నడవండి. ఇద్దరు ఒకే మలుపు గురించి వాదించుకుంటే మధ్యలో కలగజేసుకోకుండా ఇద్దరి మాటా రాసుకోవాలి.

ఫొటోలలో మనుషులను కాక వారి వెనుక ఉన్నవాటిని చూడటం అలవాటు చేసుకోవాలి. పెళ్లి ఊరేగింపు ఫొటోలో పెళ్లికొడుకు భుజం వెనుక కనిపించే దుకాణం బోర్డు, కరెంటు స్తంభం, అరుగు, మేడ పిట్టగోడ మనకు కావలసినవి. ఒక పాత ఫొటో తీసిన చోటునే నిలబడి మళ్లీ ఫొటో తీయాలంటే ఇప్పటికీ మారకుండా ఉన్న రెండు వస్తువులు, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, ఫొటోలో ఒకదానికొకటి ఎలా కనిపిస్తున్నాయో అలాగే కనిపించేదాకా ముందుకూ పక్కకూ జరగాలి. మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని 2020లో తొలగించినప్పుడు పట్టణంలో పెద్ద వివాదమే నడిచింది. అటువంటి చోట ముందెప్పుడో తీసిన మామూలు కుటుంబ ఫొటో కూడా సాక్ష్యమవుతుంది. ఆల్బములను ఆరువందల డీపీఐలో స్కాను చేసి, తీసిన చోటు, సుమారు సంవత్సరం, చెప్పినవారి పేరు ఫైలు పేరులోనే రాయండి.

పటం సగం నిండాక మరొక పని చేయాలి, ఇది కొంచెం ఇబ్బంది పెట్టే పని. పటంలో పోయినవని గుర్తించిన ప్రతిదాని పక్కనా, అది ఉన్నప్పుడు ఎవరికి ఉపయోగపడేదో, ఎవరిని దూరంగా ఉంచేదో రాయాలి. మన తీపి జ్ఞాపకాలలోని నుయ్యిలో తోడుకునే హక్కు అందరికీ ఉండేది కాదు. వీధి చివరి పేటవారికి ఇంట్లోకి కుళాయి రావడమే ఊరు బాగుపడటం. 2007లో జేఎన్టీయూ ప్రాంగణం వచ్చాక ఇంజనీరింగు చదువుకు ఇల్లు విడవనక్కరలేకపోయిన పిల్లలకు, భోగాపురం విమానాశ్రయం మీద ఆశ పెట్టుకున్నవారికి, మనం వగచే ఖాళీ మైదానం అంత గొప్పదిగా కనిపించకపోవచ్చు. అలాగే మండువా ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చి, వచ్చిన వాటా ఫ్లాటును అద్దెకిచ్చి, పైగా ఊళ్లో అన్నీ అపార్టుమెంట్లే అయిపోయాయని బాధపడేవారిలో మన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ ఒప్పందం తేదీని కూడా పటంలో రాయాలి. రాయడం ఇష్టం లేకపోతే ఆ ఇంటిని పటంలోంచి తీసేయడమే నిజాయితీ.

చివరికి శుభ్రమైన ప్రతి గీసేటప్పుడు ఒకే పటంలో అన్ని కాలాలూ ఇరికించకుండా, మీకు గుర్తున్న ఒక సంవత్సరాన్ని, ఉదాహరణకు పదో తరగతి రాసిన సంవత్సరాన్ని, ఎంచుకుని ఆ ఏటి ఊరినే చూపండి. మూలలో ఉత్తర దిక్కు, ఆ సంవత్సరం, గీసిన తేదీ, సుమారు స్కేలు వేయండి. ఇతరులు చెప్పే సవరణలకు అంచుల్లో జానెడు చోటు వదిలి, వారి చేతనే పేరు, తేదీ వేయించి రాయించండి. ఒక ప్రతిని ఇంట్లో ఉంచుకుని, ఒకటి చదువుకున్న బడికి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, వారు తీసుకుంటామంటే ఇవ్వండి. ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతిలో మాత్రం దస్తావేజు నంబర్లు, ప్రస్తుతం అక్కడ ఉంటున్నవారి పేర్లు, డోరు నంబర్లు తప్పక చెరిపేయాలి. పాత యజమానుల పేర్లు ఉంచదలిస్తే వారి పిల్లలను అడిగి, వారు సరేనన్నాకే ఉంచాలి.