గాలం నేర్చుకుందాం – 4వ పాఠం: బెండు కదలలేదు, ఎర మాత్రం లేదు

చేప గాలానికి పడ్డాక కర్రను ఎలా పట్టుకోవాలో ఈ పాఠంలో చెప్పాలి. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చదివి నీటి ఒడ్డుకు వెళ్లినవాళ్లలో చాలామంది ఒకే ఫిర్యాదుతో తిరిగొచ్చారు. "బెండు మీదినుంచి కళ్లు తిప్పలేదు. ఒక్కసారి కూడా మునగలేదు. దారం లాగి చూస్తే కొక్కెం ఖాళీ." కొందరు ఎర నీళ్లలో జారిపోయిందేమోనని అనుమానించి వానపాములు మాని పిండి ముద్దకు మారారు. కొందరు చోటు మార్చారు. రెండూ అవసరం లేదు. రెండు మూడు చోట్ల గుచ్చిన వానపాము దానంతట అది ఊడిపోదు. చేప వచ్చింది, తిన్నది, వెళ్లింది. ఆ కబురు మీకు అందలేదు, అంతే.

కబురు తేవాల్సింది, దారానికి కట్టి నీటి మీద తేలే బెండు. మీరు పంపిన ఫొటోలు వరసగా చూశాను. దాదాపు ప్రతి దాంట్లోనూ బెండు సగానికి పైగా నీటి పైన నిలబడి ఉంది. జబ్బు అక్కడే ఉంది కాబట్టి ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

మూడు గ్రాముల బరువు మోయగల బెండు మీ దగ్గర ఉందనుకోండి. దాని కింద దారానికి అర గ్రాము సీసపు గుండు ఒక్కటి బిగించి వేశారు. ఆ బెండు పూర్తిగా మునగాలంటే మిగిలిన రెండున్నర గ్రాముల బలం చేప పెట్టాలి. "రెండున్నర గ్రాములు చేపకు ఒక లెక్కా?" అంటారు. పారిపోతున్న చేపకు లెక్క కాదు. కానీ ఎరను పరీక్షిస్తున్న చేప పారిపోదు. బొచ్చె, శీలావతి లాంటి కార్పు జాతి చేపల సంగతే చూడండి. వాటికి దవడల మీద పళ్లు ఉండవు, గొంతులో ఉంటాయి. ఎరను అవి కరిచి లాగవు. నీటితో పాటు నోట్లోకి పీల్చుకుంటాయి, తేడా అనిపిస్తే అదే నీటితో బయటికి ఉమ్మేస్తాయి. పీల్చుకున్నప్పుడు దారం వెనక్కి లాగిందా, అనుమానం వచ్చేసినట్టే. ఒక కొస పీల్చి తెంపుకుంటుంది, కాసేపాగి మరో కొస. మూడు నాలుగు సార్లలో కొక్కెం శుభ్రం. పైన మీ బెండు మాత్రం చిన్న అలకు ఊగినట్టుగా ఊగి ఊరుకుంటుంది.

అందుకే బెండును ఇంట్లోనే తూకం చేసి తీసుకెళ్లాలి. లోతైన బకెట్ నిండా నీళ్లు పట్టండి. బెండును కొక్కేనికి దగ్గరగా జరిపి, ఎర లేకుండా, కొక్కెంతో సహా నీళ్లలోకి దించండి. గుండ్లు ఒక్కొక్కటే చేరుస్తూ పోండి. రంగు వేసిన మొన ఒక సెంటీమీటరు మాత్రం పైకి కనిపించే దాకా ఆపకండి. ఇంకొక చిన్న గుండు వేస్తే మునిగిపోతుందేమో అన్నట్టు ఉండాలి. అలా ఉన్న బెండును ముంచడానికి చేప ఊపిరి చాలు. గుండ్లలో ఏదీ బకెట్ అడుగును తాకకుండా చూసుకోండి. తాకితే ఆ బరువును బకెట్ మోస్తుంది, మీ తూకం తప్పుతుంది.

పెద్ద బెండు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినడం లేదు. "దూరానికి కనిపించాలి కదా" అని నిమ్మకాయంత బెండు కడతారు. బెండు మీకు కనిపించడం కోసం లేదు, చేప చేసే పని మీకు కనిపించడం కోసం ఉంది. బెండు లావు పెరిగేకొద్దీ దాన్ని ముంచడానికి కావలసిన బలం పెరుగుతుంది, చేప చేసే పని కనిపించడం తగ్గుతుంది. కనిపించడమే సమస్యయితే సన్నని మొన ఉన్న బెండు తీసుకుని మొనకు వేరే రంగు వేయండి: నీటి మీద ఆకాశం మెరుస్తుంటే నలుపు, చెట్ల నీడ ఉంటే ఎరుపో పసుపో. ఎండ కళ్లల్లో పడని వైపు కూర్చోండి. అప్పటికీ కనిపించకపోతే మీరు అనవసరంగా దూరం వేస్తున్నారు. కొత్తవాళ్లందరూ చెరువు మధ్యకే విసురుతారు. చేపలకు మేత ఎక్కువగా దొరికేది ఒడ్డు వారగా, గడ్డీ గాదం ఉన్న చోట, లోతు మారే అంచున. రెండు కర్రల దూరంలోపు ప్రశాంతంగా కూర్చుని పట్టడమే నాకు ఇష్టం. గట్టు మీద అడుగుల చప్పుడు లేకుంటే చేప అంత దగ్గరికీ వస్తుంది.

తూకం కుదిరాక గుండ్లు ఎక్కడెక్కడ ఉండాలి? బరువులో ఎక్కువ భాగం కొక్కేనికి మూరెడు పైన ఒకే చోట గుంపుగా. చిట్టచివరి చిన్న గుండు కొక్కేనికి బెత్తెడు దూరంలో. ఈ చిన్న గుండుతో పెద్ద పని ఉంది, ఇప్పుడే చెబుతాను.

ముందు లోతు. బెండుకూ కొక్కేనికీ మధ్య దూరం ఎంత ఉంచాలో ఊహించి పెట్టకండి, కొలవండి. కొక్కేనికి బెండు మోయలేనంత బరువైన సీసం తగిలించి, వేయదలచిన చోటే దించండి. బెండు పూర్తిగా మునిగిపోతే దూరం చాలలేదు. బెండును పైకి జరపండి. మొన మామూలుకన్నా పొడుగ్గా తేలినా, పక్కకు వాలినా దూరం ఎక్కువైంది. కిందికి జరపండి. మొన సరిగ్గా బకెట్‌లో కనిపించినంతే కనిపిస్తే కొక్కెం అడుగును తాకుతున్నట్టు. అక్కడినుంచి బెండును బెత్తెడు పైకి జరపండి. ఇప్పుడు ఎర నేల మీద పడుకుని ఉంటుంది, చిన్న గుండు నేలకు తాకీ తాకకుండా ఉంటుంది. అడుగున మేసే చేపలకు ఇదే అసలైన అమరిక.

ఇక మీలో ఎవరూ గమనించని సంగతి. చేప పడితే బెండు మునుగుతుందని మాత్రమే మీకు తెలుసు. అడుగున మేసే చేప తల కిందికి, తోక పైకి పెట్టి ఎరను తీసుకుంటుంది, తరువాత ఒళ్లు నేలకు సమాంతరంగా చేసుకుంటుంది. దానితో పాటు ఎర లేస్తుంది, చిన్న గుండు కూడా లేస్తుంది. బెండు మీద ఆ బరువు తగ్గింది. కాబట్టి బెండు మునగదు, పైకి లేస్తుంది! దగ్గరగా చూస్తే ఇలా జరుగుతుంది: ముందు మొన చుట్టూ గాజంత వలయం ఒకటి. ఒక క్షణం ఏమీ ఉండదు. తరువాత మొన తాపీగా, ఎవరో కిందినుంచి నెట్టినట్టు, ఒక వేలి కణుపంత ఎత్తు లేస్తుంది. చేప ఇంకా ఎత్తితే బెండు వాలి నీటి మీద పడుకుంటుంది. మీలో ఒకరు "బెండు పడుకుంది, దారం చిక్కుపడిందేమోనని సరిచేశాను" అని రాశారు. అప్పుడు కొక్కెం చేప నోట్లో ఉంది. మొన లేవడం మొదలవగానే కర్రను లేపాలి. ఎలా లేపాలో విడిగా చెప్పనవసరం లేదు. మణికట్టు చాలు, భుజం వద్దు.

మొన ఆగకుండా వణుకుతూ ఎప్పటికీ మునగకపోతే అవి పిల్ల చేపలు. 8వ నంబరు కొక్కెం తీసి 14 కట్టండి, వానపాము ముక్క చాలు. నంబరు పెరిగితే కొక్కెం చిన్నదవుతుందని మూడో పాఠంలో చెప్పుకున్నాం.

గాలి ఉంటే దారం నీటి మీద విల్లులా వంగి బెండును ఈడ్చుకుపోతుంది. కర్రకు దారం చుట్టే రీలు ఉన్నవాళ్లు అనుకున్న చోటుకు కొంచెం అవతలికి వేసి, కర్ర మొనను నీటిలో ముంచి నాలుగు చుట్లు వేగంగా చుట్టాలి. దారం మునుగుతుంది. రీలు లేనివాళ్లు దారాన్ని నీటికి తగలకుండా ఎత్తి పట్టుకుంటే సరి.

సీసపు గుండును పళ్లతో నొక్కి బిగించేవాళ్లను ఇంకా చూస్తున్నాను. దయచేసి మానండి. సీసం విషం. బ్రిటన్‌లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉండే సీసపు గుండ్ల అమ్మకాన్ని 1987లో నిలిపివేశారు, గట్ల మీద పడిపోయిన గుండ్లను మింగి హంసలు చనిపోతున్నాయని. చిన్న పట్టకారు వాడండి. దొరికితే తగరం గుండ్లు ఇంకా మేలు. అదే బరువుకు అవి కాస్త లావుగా ఉంటాయి, అంతకు మించి నష్టం లేదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. మొదటిరోజు ఎర తీసుకెళ్లవద్దు. ఒకే చోట కూర్చుని, చేతికి అందే దూరంలో పన్నెండు చోట్ల లోతు కొలిచి కాగితం మీద రాయండి. లోతు ఉన్నట్టుండి మారే చోట గీత గీయండి. రెండో రోజు తెల్లవారుజామునే వెళ్లి ఆ గీత మీద వేయండి, కాకపోతే కొక్కెం లేకుండా: వానపామును దారం చివర ముడివేసి దించండి. రెండు గంటలు చూడండి. బెండు చేసిన ప్రతి కదలికనూ, తరువాత ఎర ఏ స్థితిలో వచ్చిందో దాన్నీ రాసుకోండి. వణికింది, లేచింది, వాలింది, పక్కకు జారింది, మునిగింది: ఏ మాట రాశారో ఆ మాట ఎదురుగా ఎర మిగిలిందా, సగం పోయిందా, అంతా పోయిందా అన్నది ఉండాలి. కర్రను లేపవద్దు, చేయి ఎంత లాగినా సరే. ఆ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకునే ఐదో పాఠం తెరవండి. చేపతో పెనుగులాట మొదలయ్యే క్షణం వాటిలో ఏ గీత దగ్గర ఉందో చూపించి అక్కడినుంచే మొదలుపెడతాను.